తొమ్మిదేళ్ల పాపకు ‘బ్లాక్ బ్యూటీ’ పూర్తి పుస్తకం ఇవ్వవచ్చా?

కావలి అమ్మ:
మా పాపకు తొమ్మిదేళ్లు. వీధిలో కుక్కపిల్ల కుంటుతూ కనబడితే ఆ పూట అన్నం సహించదు దానికి. వేసవి సెలవుల్లో చదివించమని ఒకావిడ అన్నా సూయెల్ రాసిన ‘బ్లాక్ బ్యూటీ’ చెప్పారు. 1877లో ఇంగ్లండులో వచ్చిన నవల. ఒక గుర్రం తన బతుకంతా తానే చెప్పుకుంటుంది. ముందు నేను చదివాను. జింజర్ అనే ఆడగుర్రం లండన్‌లో బాడుగ బండికి చిక్కి, ఒళ్లు హూనమై, చచ్చిపోతే బాగుండునని అనే చోట నాకే కన్నీళ్లు ఆగలేదు. ఆ భాగం తీసేసిన చిన్న పుస్తకం ఇస్తే సరిపోదా?

నెల్లూరు తాతయ్య:
సరిపోతుందమ్మా. నన్నడిగితే అదీ వద్దు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచే వయసు. లోకం ఎంత కఠినమో మనం చెప్పకపోయినా పెద్దయ్యాక తెలుస్తుంది. ఈ నాలుగేళ్లన్నా నవ్వుకుంటూ చదువుకోనివ్వండి.

కందుకూరు టీచర్:
తాతయ్యా, మీ మాటకు అడ్డు చెబుతున్నానని ఏమీ అనుకోవద్దు. ఆవు–పులి కథ మనం ఎన్ని తరాలుగా చెబుతున్నాం! పులికి చిక్కిన ఆవు, దూడకు పాలిచ్చి వస్తానని మాటిచ్చి ఇంటికెళ్లి, బిడ్డకు బుద్ధులు చెప్పి, చావడానికి తిరిగి వెళ్తుంది. అనంతామాత్యుడి ‘భోజరాజీయం’లో ఉన్న కథే. అన్నం ముద్దలు పెడుతూ పసిపిల్లలకు చెప్తాం. ఏడుస్తారు, మళ్లీ చెప్పమంటారు.

నెల్లూరు తాతయ్య:
అక్కడ పులి మనసు మారుతుంది కదమ్మా. జింజర్‌ను ఎవరు వదిలిపెట్టారు?

కందుకూరు టీచర్:
ఎవరూ వదల్లేదు, నిజమే. అందుకే పుస్తకం చేతికిచ్చి ఊరుకోకూడదు, పక్కన కూర్చోవాలి. కానీ జింజర్‌ను తీసేస్తే ఆ పుస్తకం ఎందుకు రాశారో పిల్లకు తెలియదు. సూయెల్‌కు పధ్నాలుగో ఏట కాళ్లకు దెబ్బ తగిలింది, ఆ తర్వాత సరిగా నడవలేకపోయింది. ఎక్కడికి వెళ్లాలన్నా గుర్రపు బండే దిక్కు. చివరి సంవత్సరాల్లో జబ్బుతో ఇల్లు కదలలేని స్థితిలో, గుర్రాలతో పనిచేసేవాళ్లు చదవాలని ఇది రాసింది. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే చనిపోయింది.

నాకు అన్నిటికంటే విలువైనది జో గ్రీన్ ఘట్టం. రాత్రివేళ డాక్టరు కోసం పరుగెత్తి, ఒళ్లంతా ఆవిర్లు కక్కుతూ వచ్చిన గుర్రానికి ఆ కుర్రాడు కడుపునిండా చన్నీళ్లు తాగిస్తాడు, ఒంటి మీద దుప్పటి కప్పడు. మంచే చేస్తున్నాననుకుంటాడు. గుర్రానికి ప్రాణం మీదికొస్తుంది. వాడేం దుర్మార్గుడు కాదు. అయినా గుర్రాలు చూసుకునే జాన్ ఊరుకోడు, తెలియకపోవడం చిన్న తప్పేం కాదంటాడు. గూటిలోంచి పడ్డ పిచ్చుకపిల్ల నోట్లో ప్రేమగా ఆవుపాలు పోసే మన పిల్లలకు ఈ సంగతి తెలియాలా, వద్దా?

చీమకుర్తి రైతు:
మాకు ఒంగోలు గిత్తలున్నాయి. మావాడు ఈ పుస్తకం అయిదో తరగతిలో చదివాడు. అందులో బేరింగ్ రెయిన్ అని ఒక పగ్గం వస్తుంది. గుర్రం ఠీవిగా కనబడాలని తల పైకి లాగి బిగించి కడతారు. గొప్పోళ్ల ఫ్యాషన్. మిట్ట ఎక్కేటప్పుడు కూడా వదలరు. మావాడు వెంటనే, ‘మన గిత్తలు బరువు లాగేటప్పుడు మెడ కిందికి వంచుతాయి కదా నాన్నా, తల కట్టేస్తే ఎట్లా లాగుతాయి?’ అన్నాడు. నేను చెప్పకుండానే అర్థమైంది. తర్వాత బండలాగుడు పోటీలకు తీసుకెళ్తే, ముల్లుకర్రతో ఎందుకు పొడుస్తున్నారని అందరి ముందూ అడిగాడు. పక్కనున్నవాళ్లు నొచ్చుకున్నారు. నేను వాణ్ని ఆపలేదు. పోటీ మానమని నేననను, గిత్తను కన్నబిడ్డలా మేపే రైతులు మా దగ్గర చాలామంది. కానీ ఆ ప్రశ్న అడగాల్సిందే.

కావలి అమ్మ:
అన్నా, బాబు భయపడలేదా?

చీమకుర్తి రైతు:
జింజర్ దగ్గర బాగా ఏడ్చాడమ్మా. కొన్నాళ్లు పుస్తకం ముట్టుకోలేదు, తర్వాత వాడే తీశాడు. బ్యూటీ చివరికి మంచోళ్ల దగ్గరికే చేరుతుందని ముందే చెప్పి ఉంచాను. ఆ ధైర్యంతో పూర్తి చేశాడు.

నెల్లూరు తాతయ్య:
అట్లా ముందే చెప్పి, దగ్గరుండి చదివిస్తే సరే. కుక్కపిల్ల కుంటితే అన్నం మానేసే పిల్లకు మాత్రం ఇంకో ఏడాది ఆగడం మేలని నా అభిప్రాయం.

కందుకూరు టీచర్:
నేనైతే ఆగను తాతయ్యా. అలాంటి పిల్ల చేతికే ముందు వెళ్లాలి ఈ పుస్తకం.

అమ్మా, కొనేటప్పుడు చూసుకోండి, పూర్తి పుస్తకంలో 49 అధ్యాయాలుంటాయి. జో గ్రీన్ చేసిన పని 18, 19లో, జింజర్ సంగతి 40లో వస్తాయి. ఇంగ్లీషు పాతకాలంది కాబట్టి రోజుకో అధ్యాయం మీరు చదివి తెలుగులో చెప్పండి, అన్నీ చిన్నవే. 40వది మాత్రం పడుకోబోయే ముందు వద్దు. సెలవు రోజు పొద్దున్నే చదవండి, అడిగినన్ని ప్రశ్నలు అడగనివ్వండి.