సైప్రస్ 1974: దాడి చేసిన దేశం గెలిచినట్టేనా?

పటాలపిచ్చోడు:
ఉక్రెయిన్ చివరికి ఎలా తేలుతుందని ఇక్కడ రోజూ కొట్టుకుంటున్నాం. ఒక్కసారి సైప్రస్ చూడండి. 1974 జులై 20న ఆ ద్వీపంలో తుర్కియే (టర్కీ) సైన్యం దిగింది. ఆగస్టులో రెండో విడతగా ఇంకా ముందుకెళ్లి ద్వీపంలో మూడో వంతుకు పైగా పట్టుకుంది. యాభై ఏళ్లు దాటాయి, సైన్యం అక్కడే ఉంది. నేల ఎవరి చేతిలో ఉంటే గెలుపు వాళ్లదే. మిగతాదంతా కాగితాల గోల.

గోదారిగట్టు:
అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా అన్నా? అసలు మొదలే వదిలేశారు. ద్వీపాన్ని గ్రీస్‌లో కలిపేయాలన్న వాళ్లు జులై 15న అధ్యక్షుడు మకారియోస్‌ను కూలదోశారు. వెనక ఉన్నది ఏథెన్స్‌లోని గ్రీస్ సైనిక ప్రభుత్వం. తుర్కియే దిగాక నాలుగు రోజులు తిరక్కుండానే ఆ ప్రభుత్వమే కుప్పకూలింది. మాజీ ప్రధాని కరమన్లిస్ పారిస్ నుంచి వచ్చి మళ్లీ గ్రీస్ ప్రధాని అయ్యాడు. గ్రీస్‌లో ఏడేళ్ల సైనిక పాలన అలా పోయింది. అటు తుర్కియే రాజధాని అంకారాలో ప్రధాని ఎజెవిత్‌కు జనం బ్రహ్మరథం పట్టారు. ఆ ఊపులో ముందస్తు ఎన్నికలకు పోదామని సెప్టెంబరులో రాజీనామా చేశాడు. ఎన్నికలు రాలేదు, కుర్చీ పోయింది! 1975లో ఆయన ప్రత్యర్థి దెమిరెల్ వచ్చి కూర్చున్నాడు.

పటాలపిచ్చోడు:
కుర్చీలు వేరు, నేల వేరు.

లాపాయింట్:
నేల ఉంది సార్, పట్టా ఏదీ? తుర్కియే పట్టుకున్న ఉత్తర భాగం 1983లో దేశంగా ప్రకటించుకుంటే గుర్తించింది తుర్కియే ఒక్కటే. ఉత్తరాన ఉన్న కిరేనియా ఊళ్లో తన స్థలాల దగ్గరికి వెళ్లనివ్వడం లేదని టిటీనా లోయిజిడూ అనే ఆవిడ తుర్కియే మీద కేసు వేసింది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు 1998లో పరిహారం కట్టమంది. నానబెట్టి నానబెట్టి 2003లో కట్టారు. స్థలాలు మాత్రం చేతికి రాలేదు.

చాయ్‌బిస్కెట్77:
గ్రీకు సైప్రస్ వాళ్లుండే దక్షిణాన్ని మరీ అమాయకంగా చూపించకండి. ఇరువైపులనూ కలిపే ఐక్యరాజ్యసమితి ప్రణాళికపై 2004 ఏప్రిల్‌లో ఓటింగ్ పెడితే ఉత్తరాన 65 శాతం సరే అన్నారు, దక్షిణాన 76 శాతం వద్దన్నారు. వారం తిరిగేసరికి దక్షిణానికి ఈయూ (యూరోపియన్ యూనియన్) సభ్యత్వం ఎలాగూ ఖాయం. ఊఁ అన్నా, ఊహూఁ అన్నా సీటు దక్కుతుందంటే రాజీకి ఎవరొస్తారు?

గోదారిగట్టు:
ఒప్పుకుంటా. కానీ ఆ సీటు విలువ చూడండి. సైప్రస్ ఓడలకు తన రేవులు తెరవనన్నందుకు 2006లో తుర్కియే సభ్యత్వ చర్చల్లో ఎనిమిది అధ్యాయాలను (అంటే చర్చించాల్సిన అంశాలను) ఈయూ ఆపేసింది. ఎవరి మీద దాడి చేశారో వాళ్లే ఇప్పుడు ఈయూ గుమ్మంలో కూర్చుని అడ్డుపడుతున్నారు.

పటాలపిచ్చోడు:
ఈయూ లేకపోతే తుర్కియే బతకడం లేదా? సైన్యాన్నైతే వెనక్కి పిలవలేదుగా.