కనుగొన్నాడా, కనుక్కున్నాడా?

తాటాకు: చిన్నప్పుడు సైన్సు మాస్టారు బట్టీ పట్టించిన వాక్యం రెండు రోజులుగా వదలట్లేదు. “1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం నాడు, గుంటూరులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ హీలియంను కను...” ఆ తర్వాత ‘గొన్నాడు’ అన్నారా, ‘క్కున్నాడు’ అన్నారా? ‘కనిపెట్టాడు’ మాత్రం కాదు.

బిలహరి: గొ, క్కొ ఒక్కటే. వాడుకలో కనుక్కోవడం వాకబు చేయడం దాకా జారింది, అంతే. అయినా ‘కనుగొంటిని శ్రీరాముని నేడు’ అన్న త్యాగయ్య ఏం కొత్తగా కనిపెట్టాడని? చూశాడు, కళ్లారా.

పాతబడి పంతులు: అసలు కీలకం ‘కొను’లో ఉంది. వండుకోవడం తనకు, వండిపెట్టడం పరులకు. కనుగొన్నవాడు తాను చూసుకున్నాడు, కనిపెట్టినవాడు లోకానికి పెట్టాడు. ఆ లెక్కన జాన్సెన్ కనుగొన్నాడు. సూర్యుడి వెలుగును రంగులుగా విడదీస్తే కనబడ్డ ఆ పసుపు గీత కొత్త మూలకానిదని ఇంగ్లండులో వాదించిన లాకియర్ కనిపెట్టాడు.

వేపపుల్ల: మరి “పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండు” అంటే పెట్టూ కొనూ రెండూ ఉన్నాయే. ఎవరి కోసమండీ?

పాతబడి పంతులు: అది వేరే అర్థం.

వేపపుల్ల: అనుకున్నా :)

బందరు లడ్డు: పసుపు గీత మాటొస్తే మా ఊరిని వదిలేస్తారేం? ఆ గ్రహణాన్నే మచిలీపట్నంలో చూసిన మద్రాసు వేధశాల పాగ్సన్, ఆ గీత సోడియం గీత ఉండే చోటే ఉందా, పక్కనుందా అని అనుమానపడ్డాడు. జాన్సెన్ సాధించింది వేరు. గ్రహణం లేకుండానే సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్ని, వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటదర్శినితో చూడొచ్చని మర్నాడే తేల్చాడు. కాబట్టి మీ మాస్టారి వాక్యంలో క్రియ సంగతి తర్వాత, కర్మే తప్పు.

కాకినాడ కాజా: ఆ సంగతి రాసిన ఉత్తరం కాకినాడ నుంచే వెళ్లింది! అదే ఉపాయం అక్టోబరులో లాకియర్‌కూ విడిగా తట్టింది. రెండు కబుర్లూ ఒకేరోజు పారిస్ సైన్సు అకాడమీకి చేరాయి. ఫ్రెంచివాళ్లు తగవు తెంచేసి ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద అచ్చుకొట్టించారు.

పాతబడి పంతులు: చూశారా, ఎవరికి వారు కనుగొన్నారు. నే చెప్పిందీ అదే.

బందరు లడ్డు: మీరు లాకియర్‌ది కనిపెట్టడం అన్నారు. పైన ఉంది. భూమ్మీద హీలియం పట్టిచ్చిన రామ్సేది మరి? 1895 దాకా ఎవరూ చేత్తో పట్టింది లేదు.

తాటాకు: అయ్యా, నా ‘గొ’?

బిలహరి: ‘కనుక్కొంటిని’ అని పాడి చూడండి. ఒక మాత్ర ఎక్కువొచ్చి తాళం తప్పుతుంది.

తాటాకు: మా మాస్టారు పాడలేదండీ, బెత్తం పట్టుకుని చెప్పారు.