హేగ్ మహిళా దినోత్సవం: బేగం రానా గోడ ప్రదర్శన పనులు

సమన్వయ బృందం:
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. ఈసారి పాకిస్తానీ కుటుంబాలతో కలిసి జరుపుతున్నాం కాబట్టి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గోడకు ఎదురుగా బేగం రానా లియాకత్ అలీ ఖాన్ గోడ ఉంటుంది. ఫ్లెక్సీ నమూనా మీద అభిప్రాయాలు చెప్పండి. ప్రస్తుతానికి శీర్షిక "పాకిస్తాన్ తొలి ప్రధాని సతీమణి".

గోడ రాతలు చూసేవారు:
అక్కా, ముందు ఆ శీర్షిక తీసేయండి. లియాకత్ అలీ ఖాన్‌ను 1951 అక్టోబరులో రావల్పిండిలో కాల్చి చంపారు. ఆ తర్వాత ఆమె దాదాపు నాలుగు దశాబ్దాలు బతికారు, బతికినంత కాలం పనిచేశారు. ఆ పనే శీర్షిక కావాలి.

1905లో అల్మోరాలో పుట్టారు. పుట్టింటి పేరు షీలా ఐరీన్ పంత్, క్రైస్తవ కుటుంబం. లక్నోలో ఆర్థికశాస్త్రం చదివి, ఢిల్లీ ఇంద్రప్రస్థ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఇదంతా రెండు వాక్యాల్లో ముగిద్దాం. ఎక్కువ చోటు 1947 తర్వాతి రోజులకు ఇవ్వాలి. శరణార్థులు లక్షల్లో వస్తున్నారు, నర్సులు చాలరు. ఆడపిల్లలను నర్సింగుకు పంపడం పరువు తక్కువ అనుకునే ఇళ్లవాళ్లను ఒప్పించి ఆమె స్వచ్ఛంద సేవికలను సమీకరించారు. ప్రథమ చికిత్స, అన్నం, దుప్పట్ల పంపిణీ, అన్నీ వాళ్లే చూసుకున్నారు. ఆ అనుభవంతోనే 1949లో అఖిల పాకిస్తాన్ మహిళా సంఘం, అంటే 'అప్వా', మొదలైంది. దాని కింద బడులు, వైద్యశాలలు, చేతిపనుల కేంద్రాలు నడిచాయి. అదే కాలంలో ఆమె మహిళలకు నేషనల్ గార్డ్ కూడా ఏర్పాటు చేశారు. ఆడవాళ్లు యూనిఫారం వేసుకుని కవాతు చేయడమేమిటని ఛాందసులు మండిపడ్డారు.

వంటల బృందం:
బాగుంది తమ్ముడూ, కానీ మనవాళ్లు ఇద్దరు ముగ్గురు నన్నే అడుగుతున్నారు, మన కార్యక్రమంలో ఆవిడ ఎందుకని. ఏం చెప్పమంటావు? పులిహోర పొట్లాలు కడుతూ చరిత్ర చెప్పడం నా వల్ల కాదు.

గోడ రాతలు చూసేవారు:
ఆమె మన ఊరి మనిషి వదినా! 1954లో పాకిస్తాన్ రాయబారిగా నెదర్లాండ్స్‌కు వచ్చి, 1961 దాకా ఇక్కడే ఉన్నారు. పాకిస్తాన్ పంపిన తొలి మహిళా రాయబారి ఆమే. తర్వాత ఇటలీకి వెళ్లారు. ఆ ఒక్క మాట చెప్పండి చాలు.

అలాగని "శాంతిదూత" లాంటి మాటలతో అలంకరించవద్దు. ఆమె ముస్లిం లీగ్ పక్షాన నిలిచారు, విభజన కోరినవారితో నడిచారు. అది దాచిపెడితే గోడ అబద్ధమవుతుంది, అతిథులకూ మర్యాద కాదు.

సమన్వయ బృందం:
సరే. పాకిస్తాన్ 1961 కుటుంబ చట్టాన్ని కూడా ఆమె సాధించినదిగానే రాయమంటున్నారు కొందరు.

గోడ రాతలు చూసేవారు:
అక్కడ జాగ్రత్త అక్కా. ప్రధాని మొహమ్మద్ అలీ బోగ్రా 1955లో రెండో పెళ్లి చేసుకున్నప్పుడు అప్వా మహిళలు గట్టిగా నిరసించారు. వివాహ చట్టాలపై అదే ఏడాది కమిషన్ వేశారు. చివరికి 1961లో ఆర్డినెన్సు వచ్చి పెళ్లి నమోదు తప్పనిసరి అయింది, రెండో పెళ్లికి మధ్యవర్తి మండలి అనుమతి కావలసి వచ్చింది. కానీ అప్పుడు రానా ఇక్కడ హేగ్‌లో ఉన్నారు. కరాచీలో, లాహోర్‌లో పోరాడిన ఆడవాళ్ల కష్టాన్ని ఒక్కరి ఖాతాలో వేయడం న్యాయం కాదు. "ఆమె స్థాపించిన సంఘం" అని రాస్తే సరిపోతుంది.

చివరి ఫ్లెక్సీకి మూడు విషయాలు చాలు: 1973లో సింధ్ గవర్నర్, ఆ దేశంలో ఆ పదవి పొందిన తొలి మహిళ, 1978లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల బహుమతి, 1990లో మరణం, కరాచీలో భర్త పక్కనే సమాధి.

వేదిక బృందం:
దుర్గాబాయి గోడ నేను రాస్తున్నాను. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షత. రెండు గోడల తేదీలూ ఒకే ఎత్తులో వచ్చేలా కొలతలు పంపండి.

సమన్వయ బృందం:
కొలతలు ఈ రాత్రికి పంపుతాను. ఉర్దూ రాతను అతిథుల్లో ఒకరు సరిచూస్తామన్నారు, వాళ్లు సరేనన్నాకే ముద్రణకు ఇద్దాం. మైకులు, బల్లలు మోయడానికి నలుగురు కావాలి, పేర్లు ఇవ్వండి.