జీఆర్ఈ పదాలన్నీ వచ్చు, ఆస్టెన్ నవల మాత్రం సాగడం లేదు. ఏం నేర్చుకోవాలి?

గోదారిగట్టు (ప్రశ్న):

ఇంగ్లీష్ పేపర్లు, పత్రికల్లో పెద్ద వ్యాసాలు ఇబ్బంది లేకుండా చదువుతాను. జీఆర్ఈ పదాల లిస్టులు కూడా పూర్తయ్యాయి. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' తెరిస్తే మాత్రం పేజీకి పది పన్నెండు చోట్ల ఆగాల్సి వస్తోంది. ప్రతిసారీ డిక్షనరీ తీస్తే కథ జారిపోతోంది, తీయకపోతే అర్థం జారిపోతోంది. ఇంకో చిత్రమేమిటంటే, కొన్ని వాక్యాల్లో అన్నీ తెలిసిన మాటలే ఉంటాయి, కలిపి చదివితే ఏమన్నారో అంతుపట్టదు. రోజుకు గంట కేటాయించగలను. డికెన్స్, జార్జ్ ఎలియట్, హార్డీ దాకా వెళ్లాలని ఉంది. దీనికి పనికొచ్చే లిస్టు ఏదైనా ఉందా? ఆంకీ (కార్డులతో పదాలు గుర్తుపెట్టించే యాప్) వాడాలా? అర్థాలు తెలుగులో రాసుకోవాలా, ఇంగ్లీష్‌లోనా?

పాతపేజీ:

లిస్టు కోసం బయట వెతకక్కర్లేదండీ, మీకు కావలసింది ఆ నవల్లోనే ఉంది.

జీఆర్ఈ చదువు వృథా కాదు. 'శాంగ్విన్', 'అసిడ్యుయస్' లాంటివి ఈ నవలల్లో తగులుతూనే ఉంటాయి. కాకపోతే ఆ పరీక్ష భావాల మాటలే అడుగుతుంది. నవలకు వస్తువులు కావాలి, కదలికలు కావాలి. చలిమంట ముందుండే 'హార్త్', దాని చుట్టూ 'ఫెండర్', పొలం కంచె దాటడానికి కట్టిన మెట్ల 'స్టైల్', చిన్న చెట్ల గుంపు 'కాప్స్', పొదలు తప్ప ఏమీ పెరగని 'హీత్'. మనిషి నడిస్తే 'సాంటర్' (తీరిగ్గా), 'ట్రడ్జ్' (కాళ్లీడ్చుకుంటూ), 'సైడిల్' (పక్కకు ఒదిగి). పరీక్షలు వీటిని పెద్దగా అడగవు, హార్డీ మాత్రం పేజీ పేజీకీ అడుగుతాడు. వీటికి నిర్వచనాలు చదివి లాభం లేదు. గూగుల్‌లో బొమ్మ వెతికి ఒక్కసారి చూస్తే చాలు.

ఎంత దూరం వెళ్లాలో కూడా ఒక అంచనా ఉంది. న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీష్ చదవాలంటే అందులో 98 శాతం మాటలు తెలిసి ఉండాలి. దానికి ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలి. 'వాక్', 'వాక్డ్', 'వాకింగ్' కలిపి ఒక కుటుంబం. 98 శాతం అంటే 350 మాటల పేజీలో ఏడు తెలియకపోవచ్చు. మీరు పది పన్నెండు దగ్గర ఉన్నారంటే గట్టుకు చేరువలోనే ఉన్నారు.

పద్ధతి ఇది. పాత పుస్తకాలు ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటు నుంచి నవలను సాదా టెక్స్ట్ ఫైలుగా దించుకోండి. ఆంట్‌కాంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వర్డ్ లిస్ట్ తీయండి. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో వరసగా చూపిస్తుంది. తెలిసినవి కొట్టేయండి. మిగిలినవాటిలో నాలుగుసార్లకు మించి వచ్చినవి చదవడానికి ముందే నేర్చుకోండి. ఒక్కసారి మాత్రమే వచ్చేవి ఏ నవల్లోనైనా పెద్ద భాగమే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

చదివేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. మాట కింద పెన్సిల్‌తో గీత గీసి ముందుకు సాగండి. అదే అధ్యాయంలో మళ్లీ వస్తేనో, అది తెలియక ఎవరు ఎవరిని ఏమన్నారో అర్థం కాకపోతేనో అప్పుడే ఆగి చూడండి. మిగతావి అధ్యాయం అయ్యాక చూడొచ్చు. గంటలో నలభై నిమిషాలు చదువు, ఇరవై నిమిషాలు పదాలు. ఈ లెక్క తలకిందులైతే నవల పక్కన పడిపోతుంది.

నిఘంటువు_నేస్తం:

అన్నీ తెలిసిన మాటలే, అయినా అర్థం కాదన్నారు చూడండి, అసలు చిక్కు అక్కడుంది. తెలియని మాట దగ్గర కనీసం ఆగుతాం. తెలుసనుకున్న మాట దగ్గర ఆగం, తప్పు అర్థం మోసుకుని ముందుకెళ్లిపోతాం.

మీ నవల మొదటి వాక్యమే చూడండి. ఆస్తి ఉన్న బ్రహ్మచారి 'ఇన్ వాంట్ ఆఫ్ ఎ వైఫ్' అంటుంది. 'వాంట్' అంటే కోరిక అని చదివితే ఆయనకు పెళ్లి మీద మనసైందని అవుతుంది. ఇక్కడ దాని అర్థం కొరత. ఆయనకు భార్య తక్కువైందని ఊళ్లోవాళ్లే తేల్చేశారు, ఆయన మనసులో ఏముందో వాళ్లకు పట్టలేదు. వెటకారమంతా అక్కడుంది.

'కాండర్' అంటే ఇప్పుడు మొహమాటం లేకుండా చెప్పడం. ఆస్టెన్‌లో దాదాపు దానికి ఎదురు: ఎదుటివాళ్లలో మంచినే చూడటం. అక్క జేన్‌ను ఎలిజబెత్ ఆ మాటతో మెచ్చుకుంటే, జేన్ ముక్కుసూటి మనిషి అనుకుని చదివేవాళ్లు చాలామంది. 'కాండిసెన్షన్' ఇప్పుడు తిట్టు. చర్చి ఫాదరీ కాలిన్స్ మాత్రం తనకు ఉద్యోగమిచ్చిన లేడీ కేథరిన్‌లో ఆ గుణాన్ని నోరారా పొగుడుతాడు. అప్పట్లో అది పెద్దింటివాళ్లు తమ హోదా పక్కనపెట్టి చిన్నవాళ్లతో కలుపుగోలుగా మెలగడం. ఆవిడ మెలిగేది పొగరుగా కాబట్టి నవ్వొస్తుంది. కొత్త అల్లుడు విఖమ్ అందరికీ 'మేక్స్ లవ్' అని మామగారు అంటే కంగారు పడొద్దు, తీపి మాటలతో బుట్టలో వేసుకుంటున్నాడని అర్థం. 'అడ్రెస్' అంటే మాటతీరు, 'డిస్కవర్' అంటే చాలాచోట్ల బయటపెట్టడం, 'ఇంటర్‌కోర్స్' అంటే రాకపోకలు, మాటామంతీ. ఇలాంటివి ఒక ముప్పై, నలభై పట్టుబడితే ఆస్టెన్ సగం తేలికవుతుంది.

అన్నట్టు, మన ఆఫీసు ఇంగ్లీష్ ఇక్కడ కొంత మేలు చేస్తుంది. 'ఫోర్‌నూన్', 'థ్రైస్', 'పెరూజ్', 'అబ్‌స్కాండ్' బయట పాతబడ్డా, మన జాయినింగ్ రిపోర్టుల్లో, పోలీసు వార్తల్లో నిక్షేపంలా ఉన్నాయి.

గోదారిగట్టు:

'కాండిసెన్షన్' నేను తిట్టుగానే చదివాను. కానీ తెలిసిన మాటకు అర్థం మారిందని చదివేటప్పుడు కనిపెట్టడం ఎలా?

నిఘంటువు_నేస్తం:

రెండు గుర్తులు. మొదటిది, పక్కన వచ్చే చిన్న మాట. 'సెన్సిబుల్' తర్వాత 'ఆఫ్' వస్తే అది తెలివైన అని కాదు, ఆ సంగతి ఎరిగి ఉండటం. రెండోది, ధోరణి తేడా కొట్టడం. వాక్యం పొగుడుతోంది, మధ్యలో ఒక మాట తిడుతోంది. అక్కడ ఆగి చూడాలి.

ఫోన్‌లోని డిక్షనరీ ఇప్పటి అర్థమే ముందు చూపిస్తుంది. వెబ్‌స్టర్ 1913 ప్రతికి కాపీరైట్ గడువు తీరింది. గోల్డెన్‌డిక్ట్ అనే డిక్షనరీ సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా వేసుకోవచ్చు, పాత అర్థాలు విడమరిచి ఇస్తుంది. ఆస్టెన్ దాకా అయితే 1755 నాటి జాన్సన్ నిఘంటువు కూడా పనికొస్తుంది, ఆన్‌లైన్‌లో ఉంది.

కాలాపానీ_రీడర్:

పదాలు కాదు, వాటి వెనకున్న లోకం తెలియాలి. పైవాళ్లు దీన్ని వదిలేశారు.

డబ్బు: పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, గినీ అంటే 21 షిల్లింగులు. అంకె పక్కన 'డి' అక్షరం ఉంటే అది పెన్నీ. 1971 దాకా ఇదే లెక్క. ఆ నవల్లోని డబ్బున్న బ్రహ్మచారి బింగ్లీకి తండ్రి వదిలిన ఆస్తి దాదాపు లక్ష పౌన్లు, ఏటా వచ్చేది నాలుగైదు వేలు. అంటే నూటికి నాలుగైదు చొప్పున రాబడి. ఈ నవలల్లో ఎవరి 'ఫార్చూన్' చెప్పినా ఇలా లెక్కేస్తే వాళ్ల ఏడాది రాబడి దొరుకుతుంది.

బండ్లు: 'గిగ్' అంటే రెండు చక్రాలు, ఒక గుర్రం. అది కాలిన్స్‌ది. 'ఫేటన్' నాలుగు చక్రాలది, యజమానే తోలుకునేది. 'బరూష్' మడిచే కప్పున్న పెద్ద బండి, లేడీ కేథరిన్‌ది. బింగ్లీ ఇల్లు చూడటానికి 'షేజ్ అండ్ ఫోర్'లో, అంటే నాలుగు గుర్రాల బండిలో వచ్చాడని బెనెట్ గారి భార్య మొదటి పేజీలోనే చెప్పేస్తుంది. అది ప్రయాణ వివరం కాదు, ఆస్తి వివరం.

చర్చి: 'లివింగ్' అంటే బతుకు కాదు, రాబడి ఉన్న చర్చి ఉద్యోగం. చాలాచోట్ల దాన్ని ఇచ్చే హక్కు ఆ ఊరి భూస్వామిది. విఖమ్, డార్సీల తగాదా దాని మీదే. 'క్యూరేట్' తక్కువ జీతానికి పనిచేసే సహాయకుడు. 'ఎంటెయిల్' అంటే ఆస్తి ఎవరికి పోవాలో ముందే కట్టేసిన ఏర్పాటు. బెనెట్ గారి ఎస్టేటు లాంగ్‌బర్న్ కాలిన్స్‌కు పోయేది అందుకే.

జిల్లా (కౌంటీ) పేరుండాల్సిన చోట గీత, పక్కన 'షైర్' అని కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి, కావాలని వదిలిన ఖాళీ. 'సెనైట్' అంటే ఏడు రాత్రులు, వారం.

ఇవన్నీ కలిపి ఒక కాగితం మీద రాసి పుస్తకంలోనే పెట్టుకోండి. కార్డులు చేసి బట్టీ పట్టే సరుకు కాదు.

రోజుకు_ఆరు:

ఆంకీ గురించి అడిగారు కదా. వాడండి, కానీ సెట్టింగులు మార్చండి. ఇన్‌స్టాల్ చేయగానే రోజుకు 20 కొత్త కార్డులు అని ఉంటుంది. కొత్తవాటికి దాదాపు పదింతలు పాతవి తిరగేయాల్సి వస్తుంది, అంటే రోజుకు రెండు వందలు. మీ ఇరవై నిమిషాలు ఏ మూలకు? ఆరుకు దించండి.

కార్డు ముందువైపు ఒంటరి మాట పెట్టొద్దు. నవల్లో అది వచ్చిన వాక్యం పెట్టి, ఆ మాట ఖాళీగా వదలండి. వెనకవైపు ఆ వాక్యంలో ఉన్న ఒక్క అర్థమే రాయండి. డిక్షనరీలోని ఐదు అర్థాలూ ఎక్కించినవాడికి ఏదీ గుర్తుండదు. ఒక కార్డు ఎనిమిదిసార్లు తప్పితే ఆంకీ దానికి 'లీచ్' అని ముద్ర వేస్తుంది. ఆ కార్డుతో కుస్తీ పట్టకండి, తీసేసి వేరే వాక్యంతో కొత్తది చేయండి.

జంటలతో జాగ్రత్త. 'ఇంజీనియస్' (యుక్తిపరుడు), 'ఇంజెన్యువస్' (కల్లాకపటం తెలియనివాడు). 'కంప్లేసెంట్' (తనలో తానే తృప్తిపడేవాడు), 'కంప్లెయిసెంట్' (ఎదుటివాళ్ల ఇష్టానికి ఒదిగేవాడు). రెండూ ఒకే రోజు నేర్చుకుంటే జీవితాంతం తారుమారే. మొదటిది కుదురుకున్నాక రెండోదాన్ని చేర్చండి.

తెలుగా, ఇంగ్లీషా అంటే, వస్తువులకు, కదలికలకు తెలుగు హాయిగా సరిపోతుంది. గుణాలకు మాత్రం ఇంగ్లీష్‌లో చిన్న వివరణ రాయండి. 'అఫబుల్', 'అమియబుల్', 'ఆబ్లైజింగ్' మూడింటికీ 'మంచివాడు' అని రాసుకుంటే ఇక నవల చదవడమెందుకు!

లాటిన్ ధాతువుల మీద ఒక మాట. మన తత్సమాల్లాగే ఇంగ్లీష్‌లోని బరువైన మాటలు ఎక్కువగా లాటిన్ నుంచి వచ్చాయి. 'లోక్వ్' అంటే మాట్లాడటం అని తెలిస్తే 'ఎలోక్వెంట్', 'లోక్వేషస్', 'సోలిలోక్వీ' ఒక్క దెబ్బకు వస్తాయి. ఓ యాభై ధాతువులు చాలు. కానీ రూపం చూసి ఊహిస్తే బోల్తా పడే చోట్లూ ఉన్నాయి. 'నాయిసమ్'కు చప్పుడుతో సంబంధం లేదు, కంపు కొట్టేది అని. 'ఎనర్వేట్' శక్తినివ్వదు, పీల్చేస్తుంది.

పాతపేజీ:

వరస గురించి ఎవరూ చెప్పలేదు. నన్నడిగితే ఆస్టెన్‌తో మొదలుపెట్టను. 'ది అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్' (1892) కథలు ఒక్కోటి రెండు, మూడు రోజుల్లో అయిపోతాయి, వాక్యాలు ఇప్పటికి దగ్గరగా ఉంటాయి. తర్వాత ఎలియట్ 'సైలస్ మార్నర్' (1861), చిన్నది. ఆ తర్వాత ఆస్టెన్‌వి రెండు వరసగా చదవండి. ఒకే రచయితను వరసపెట్టి చదివితే అవే మాటలు తిరిగి తిరిగి వచ్చి, కార్డులు లేకుండానే నిలుస్తాయి. 'మిడిల్‌మార్చ్' చివరికి ఉంచుకోండి.

వాక్యం చిక్కుపడితే ముందు సెమీకోలన్ల దగ్గర ముక్కలు చేయండి. ప్రతి ముక్కలో కర్త, క్రియ వెతికి గీత గీయండి, మధ్యలో దూరినదాన్ని బ్రాకెట్లో పెట్టండి. 'ఇఫ్' లేకుండా 'హ్యాడ్', 'వర్' ముందుకొస్తే అది 'అయితే గనక' అని. 'బట్' కొన్నిసార్లు 'మాత్రమే'. 'నాట్ అన్‌విల్లింగ్' లాంటి రెండు కాదనడాలను సరేననడంగా చదివితే సగమే అందుతుంది. ఇష్టం ఉన్నా పైకి చెప్పుకోని ఒప్పుకోలు అది.

డికెన్స్‌లో మాటలు యాసగా రాసి ఉంటాయి. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' మొదట్లోనే ఖైదీ 'విటిల్స్' అడుగుతాడు, ముందు 'డబ్ల్యు' పెట్టి. డిక్షనరీలో వెతికితే తేలిగ్గా దొరకదు. పైకి చదివితే అది 'విక్చువల్స్' అని రాసి 'విటిల్స్' అని పలికే మాటేనని తెలుస్తుంది, అంటే తిండి. లిబ్రివాక్స్‌లో ఉచిత ఆడియో పెట్టుకుని పక్కన పుస్తకం పట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది. 'వదరింగ్ హైట్స్'లో జోసెఫ్ మాటలకు మాత్రం అదీ చాలదు, వివరణలున్న ప్రతి కొనాల్సిందే.

గోదారిగట్టు:

ఆంట్‌కాంక్‌లో వేసి చూశాను. లిస్టు ఆరు వేలు దాటింది! పైగా నవల్లో లేని 'లైసెన్స్', 'ట్రేడ్‌మార్క్' కూడా కనిపిస్తున్నాయి.

పాతపేజీ:

గుటెన్‌బర్గ్ ఫైలు మొదట్లో, చివర్లో వాళ్ల నిబంధనలు ఉంటాయి. వాటిని తీసేసి మళ్లీ వేయండి. ఆరు వేలు చూసి బెదరకండి, 'వాక్', 'వాక్డ్' విడివిడిగా లెక్కపడ్డాయి. సెట్టింగుల్లో లెమ్మా లిస్టు (ఏ రూపం ఏ మూలమాటదో చెప్పే ఫైలు) జతచేస్తే ఒక్కటవుతాయి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా కొట్టేశాక మిగిలినవాటినే వరసగా చూడండి.