స్పానిష్‌లో "తిను"కి, "తింటాడు"కి ఒకటే మాటా?

ప్రశ్న: కోమెర్ అంటే తినడం కదా, "నువ్వు తిను"కి కోమె అంట, "అతను తింటాడు"కి కూడా కోమెనే, ఇదేం గోల, ఎవరైనా చెప్పండి ప్లీజ్

జవాబు 1: గోలేం లేదు బ్రో, రెండూ ఒకటే. చనువున్నోళ్లకి చెప్పేటప్పుడు అతను/ఆమె రూపమే వాడేస్తారు. ఆబ్లా (మాట్లాడు), కోమె, ఎస్క్రీబె (రాయి). సందర్భాన్ని బట్టి తెలిసిపోద్ది.

జవాబు 2: "మీరు" అనాల్సినోళ్లకి మాత్రం చివరి అచ్చు తిరగెయ్యాలి, ఆబ్లె, కోమా, ఎస్క్రీబా. మనలా "అండి" తగిలిస్తే సరిపోదు. నేనోసారి మా టీచర్‌నే ఎస్క్రీబె అనేశా, నవ్వి ఊరుకుంది 😅

ప్రశ్న అడిగినోడు: ఓహో, మరి ఫ్రెండ్స్ అందరికీ ఒకేసారి చెప్పాలంటే?

జవాబు 1: స్పెయిన్‌లో అయితే కోమెర్‌లో చివరి ర్ తీసి ద్ పెట్టు, కోమెద్. లాటిన్ అమెరికాలో కోమాన్.