అణువు బొమ్మ చూసి చెప్పగలమా: ఇది జెల్ అవుతుందా, స్ఫటికం అవుతుందా?

తాటితోపు (ప్రశ్న వేసినవారు)
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఒక మందుల కంపెనీలో ఫార్ములేషన్ పని, అంటే మందును జెల్, మాత్రలాంటి వాడే రూపంలోకి తెచ్చే పని చేస్తాను. కొన్ని నెలలుగా చర్మానికి పూసే ఒక జెల్ మీద ఉన్నాం. నీళ్లే ఎక్కువగా ఉండే బేస్. తయారు చేసిన రోజు అద్దంలా ఉంది. ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూడటానికి దాచిన శాంపిల్ రెండో నెలలో తీసి వేలితో రాస్తే ఇసుకలా తగిలింది. మైక్రోస్కోప్ కింద చూస్తే సన్నటి సూదులు. జెల్‌లో కరిగి ఉండాల్సిన మందు స్ఫటికాలు కట్టి బయటపడింది.

అప్పటి నుంచి మా టీమ్‌లో రెండు వర్గాలు. అణువు నిర్మాణాన్ని సరిగ్గా చదివి ఉంటే ఇది ముందే తెలిసేదని ఒకరు. నిర్మాణం చూసి ఏమీ చెప్పలేం, చేసి చూడటమే దారి అని ఇంకొకరు. నేను మొదటి వర్గం. నాకు ఆ నమ్మకం ఇచ్చింది మన ముంజ.

లేత ముంజ ఒక జెల్. దాన్ని అలా నిలబెట్టేది గాలక్టోమానన్ అనే పొడవాటి గొలుసు. మానోజ్ అనే చక్కెర వరసగా అతుక్కుని వెన్నెముకలా ఉంటుంది, దానికి అక్కడక్కడా గాలక్టోజ్ కొమ్మలు. కాయ పండి గింజ ముదిరాక అదే చోట లోపల రాయిలా అవుతుంది. ముదిరిన గింజలో ఎక్కువగా ఉండేది కొమ్మల్లేని మానన్. కొమ్మలు అడ్డం లేకపోతే గొలుసులు కట్టెల మోపులా పక్కపక్కనే సర్దుకుంటాయి, మధ్యలో నీటికి చోటు మిగలదు. దక్షిణ అమెరికాలో తాటి కుటుంబానికే చెందిన ఒక చెట్టు గింజలు ఎంత గట్టివంటే వాటిని ఏనుగు దంతంలా చెక్కి గుండీలు చేసేవారు. వాటిలో ఉన్నదీ మాననే.

గోరుచిక్కుడు గింజల బంకలో రెండు మానోజ్‌లకు సుమారు ఒక గాలక్టోజ్ కొమ్మ ఉంటుంది. అది చల్లటి నీళ్లలోనే కలిసి చిక్కబడుతుంది, కానీ తనంతట తాను గట్టి జెల్ కాదు. లోకస్ట్ బీన్ బంకలో నాలుగింటికి ఒకటే కొమ్మ. వేడి చేస్తే తప్ప పూర్తిగా కరగదు, శాంథన్ బంకతో కలిపితే గట్టి జెల్ అవుతుంది. వెన్నెముక అన్నిటికీ ఒకటే. తేడా కొమ్మల లెక్కలోనే. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఎక్స్‌రే గది
ఆదివారం, రాత్రి 10:02

ముంజ ఉదాహరణ నాకు బాగా నచ్చింది. కానీ మీరు చెప్పినవి ఫలితం తెలిశాక ఇచ్చిన వివరణలు. ముందుగా చెప్పడం వేరే పని. పదేళ్లుగా చిన్న అణువుల స్ఫటికాలు పెంచుతున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను.

రిటోనవిర్ సంగతి చూడండి. హెచ్‌ఐవీ మందు, 1996లో క్యాప్సూల్‌గా వచ్చింది. 1998లో కొన్ని బ్యాచ్‌లు కరిగే పరీక్షలో ఫెయిలయ్యాయి. చూస్తే లోపల అప్పటిదాకా ఎవరూ చూడని రెండో రకం స్ఫటికం. అదే అణువు, ఒక్క పరమాణువు కూడా మారలేదు. కానీ చాలా తక్కువగా కరుగుతుంది. చివరికి ఆ క్యాప్సూళ్లను మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. తర్వాత నిర్మాణం చూసినవాళ్లు, రెండో రకంలో అణువు కాస్త మెలి తిరిగి కూర్చుంది, అందువల్ల హైడ్రోజన్ బంధాలు (ఒక అణువు హైడ్రోజన్‌ను పక్క అణువు ఆకర్షించి పట్టుకునే పట్లు) ఇంకా గట్టిగా కుదిరాయి అని చక్కగా వివరించారు. మరి ఆ అణువు బొమ్మ రెండేళ్ల ముందు కూడా అందరి చేతిలో ఉందిగా?

ఆస్పిరిన్ కథ ఇంకా నేర్పుతుంది. వందేళ్లకు పైగా వాడుతున్న మందు. దానికి రెండో రూపం ఉండొచ్చని 2004లో కంప్యూటర్ లెక్కలు చెప్పాయి, 2005లో అది దొరికిందన్నారు. ఇది మీ వర్గానికి గెలుపే, ఒప్పుకుంటాను. కానీ 2007లో, అప్పట్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉన్న స్ఫటిక రసాయన శాస్త్రవేత్త గౌతమ్ దేశిరాజు, ఇద్దరు విదేశీ సహచరులతో కలిసి చూపించిందేమిటంటే, ఒకే ఆస్పిరిన్ స్ఫటికంలో రెండు రూపాల ముక్కలూ కలిసి పెరగగలవు. పొరలు రెండింటిలో ఒకటే, ఒక పొర మీద ఇంకో పొర కూర్చునే తీరులోనే తేడా. అంత చిన్న అణువే ఇలా ఉంటే, మీ మందు గురించి బొమ్మ చూసి ఎలా చెబుతారు?

ఆముదపు చేను
ఆదివారం, రాత్రి 11:35

నాది ఉమ్మడి నల్గొండ జిల్లా. మా నాయన ఆముదాలు వేసేవాడు, నేను గ్రీజులు తయారు చేసే చోట పని చేస్తున్నాను. అందుకే ఈ చర్చలో ఆముదం మాట చెప్పకుండా ఉండలేను.

ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 శాతానికి పైగా రిసినోలిక్ ఆమ్లమే. దానికి హైడ్రోజన్ ఎక్కిస్తే 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం వస్తుంది. 18 కార్బన్ల తోక, ఒక చివర ఆమ్లం, పన్నెండో కార్బన్ మీద ఒక ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట). దీన్ని మినరల్ ఆయిల్‌లో బరువులో ఒక శాతం అటూ ఇటూ వేసి, వేడి చేసి చల్లారిస్తే నూనె మొత్తం గడ్డలా నిలబడిపోతుంది. గిన్నె తలకిందులు చేసినా జారదు. వంద గ్రాముల నూనెను ఒక గ్రాము పట్టి ఉంచుతోంది! మొదటిసారి చూసినప్పుడు ఆ గిన్నెను చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఆ ఓహెచ్ తీసేయండి. మిగిలేది మామూలు స్టియరిక్ ఆమ్లం, కొవ్వొత్తుల్లో వాడేది. అదే నూనెలో అది పలకలు కడుతుంది, ఆ కొద్దిపాటి మోతాదులో నూనెను నిలబెట్టదు. ఎందుకంటే ఆమ్లం వైపు రెండు అణువులు ఎదురెదురుగా చేతులు కలుపుతాయి, అది రెండింటిలోనూ ఉంది. పన్నెండో కార్బన్ మీది ఓహెచ్ మాత్రం పక్క అణువు ఓహెచ్‌ను పట్టుకుంటుంది, అది దాని పక్కదాన్ని, అలా ఒకే దిక్కున పోతూ ఉంటుంది. పొడవు పెరుగుతుంది, వెడల్పు అంతగా పెరగదు. నార వస్తుంది. నారలు చిక్కుపడితే వల, వలలో నూనె. ఓహెచ్‌ను ఆమ్లం పక్కకు, రెండో మూడో కార్బన్ మీదికి జరిపితే ఈ పని చెడిపోతుంది.

ఇంకో సంగతి. కుడి చెయ్యి, ఎడమ చెయ్యిలా ఈ అణువుకు అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాలుంటాయి. ఆముదం నుంచి వచ్చేదంతా ఒకే చేతివాటం ఉన్న అణువు, మొక్క అలాగే తయారు చేస్తుంది. ల్యాబ్‌లో కుడి ఎడమ రూపాలు సగం సగం కలిపి చేస్తే నారలకు బదులు పలకలు పెరుగుతాయి, జెల్ బలహీనమవుతుంది. ఫార్ములా అదే, బరువు అదే. చేతివాటం కలిసిపోతే చాలు.

ఈ ఆమ్లానికి లిథియం చేర్చి చేసిన సబ్బే ప్రపంచంలో ఎక్కువగా వాడే గ్రీజుకు ఆధారం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఆ సబ్బు నారలు పురి తిప్పిన తాడుల్లా కనిపిస్తాయి. ఎక్స్‌రే గారూ, ఇక్కడ నిర్మాణం చెప్పలేదంటారా?

ఎక్స్‌రే గది
సోమవారం, ఉదయం 7:20

చెప్పింది. కానీ అదే అణువును ఇథనాల్‌లో వేయండి. కరిగి ఊరుకుంటుంది, జెల్ రాదు. అణువు మారలేదుగా అన్నా.

ఆముదపు చేను
సోమవారం, ఉదయం 8:05

ఇథనాల్‌కూ నిర్మాణం ఉంది కదండీ. దానికీ ఓహెచ్ ఉంది. పక్క అణువును పట్టుకోవాల్సిన చేతిని ఇథనాలే పట్టేసుకుంటుంది. నిర్మాణం అంటే కరిగేదాని బొమ్మ ఒక్కటే కాదు, కరిగించేదాని బొమ్మ కూడా. ఒక్కదాన్నే చూసి తీర్పు చెబితే తప్పు చూసినవాళ్లది.

పెరటి బాదం
సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను బీఎస్సీ రెండో సంవత్సరం. ఒక చిన్న సందేహం. ఆ నారలు స్ఫటికాలు కావా? మనం జెల్, స్ఫటికం అని వేరుగా మాట్లాడుతున్నాం కదా.

ఎక్స్‌రే గది
సోమవారం, మధ్యాహ్నం 2:40

చిన్న సందేహం కాదమ్మా, ఈ చర్చలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఆముదం జెల్‌ను ఎక్స్‌రేలో పెడితే స్ఫటికాలకు వచ్చే గీతలే వస్తాయి. ఆ నార లోపల అణువులు వరస తప్పకుండానే ఉన్నాయి. అంటే అది ఒకే దిక్కున పెరిగి ఆగిపోయిన స్ఫటికం. ముంజ, అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్ పదార్థం) లాంటివి వేరు, అక్కడ పొడవాటి గొలుసులు అక్కడక్కడా మాత్రమే ముడిపడతాయి, మిగతా పొడవంతా నీళ్లలో వదులుగా ఉంటుంది. ‘జెల్’ అన్న ఒక్క మాటతో రెండింటినీ కలిపేస్తున్నాం. 1861లో థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రవేత్త పదార్థాలను స్ఫటికాల జాతి, జిగురు జాతి అని రెండుగా విడదీశాడు. ఆ గోడ అంత గట్టిది కాదని తర్వాత తేలింది.

పూస నెయ్యి
సోమవారం, సాయంత్రం 6:50

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఇద్దరూ ఒక విషయం వదిలేస్తున్నారు: వేగం.

వెన్న కాచి నెయ్యి దించాక గది వేడిలోనే నెమ్మదిగా చల్లారనిస్తే పూస కడుతుంది. అదే నెయ్యిని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, నున్నగా గడ్డకడుతుంది, పూస ఉండదు. కొవ్వు అణువులు అవే. నెమ్మదిగా అయితే కొద్ది చోట్ల స్ఫటికం మొదలై పెద్దగా పెరుగుతుంది. తొందరగా అయితే వేల చోట్ల ఒకేసారి మొదలై ఏదీ పెరగదు. ఆముదం ఆమ్లమూ అంతే, నెమ్మదిగా చల్లారిస్తే పొడవైన నారలు, తొందరపెడితే పొట్టివి, ఎక్కువ కొమ్మలతో.

ఇక పంచదార పాకం. గిన్నె అంచున అంటుకున్న రెండు పలుకులు పాకంలో పడితే చాలు, తీగ పాకం మొత్తం రవ్వ కట్టేస్తుంది. అందుకే మా అమ్మ నిమ్మరసం పిండేది. పులుపు పంచదార అణువుల్లో కొన్నిటిని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. ఆకారం తేడా ఉన్న ఆ అణువులు మధ్యలో చేరితే పంచదార వరస కుదరదు. ఆమె పద్ధతిలో వేగమూ ఉంది, నిర్మాణమూ ఉంది.

తాటితోపు గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ మందు ఆ బేస్‌లో ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత కరుగుతుందో కొలిచారా? ఎమ్మెస్సీలో సోడియం సిలికేట్ జెల్ కట్టించి అందులో కాల్షియం టార్ట్రేట్ స్ఫటికాలు పెంచేవాళ్లం. జెల్ ఉన్నది స్ఫటికాన్ని ఆపడానికి కాదు. ద్రవం కదలకుండా చేసి, అణువులు నింపాదిగా వచ్చి చేరేలా చేయడానికి. మీరు ఆపాలనుకున్నదాన్ని మీ జెల్ పెంచిపెట్టి ఉండొచ్చు.

తాటితోపు
సోమవారం, రాత్రి 10:30

మేడం గారూ, 25 డిగ్రీల దగ్గర మాత్రమే కొలిచాం. అది కూడా పొడి మందు వేసి, కలిపి, ఒక్క రోజు చూసి. ఈ మాట రాస్తుంటే కడుపులో టెన్షన్‌గా ఉంది.

ఎక్స్‌రే గది
సోమవారం, రాత్రి 10:48

ఒక్క రోజు చాలదు. ఆ సూదులు ఏమిటో చూశారా? మీరు వేసిన మందేనా, లేక నీటిని లోపల ఇముడ్చుకున్న వేరే స్ఫటికమా? మూర్ఛకు వాడే కార్బమజెపిన్‌ను నీళ్లలో ఉంచితే అది నెమ్మదిగా నీటితో కలిసిన రూపంలోకి మారుతుంది, అప్పుడు వచ్చేవి సూదులే. నీళ్లలో ఆ రూపం నీరు లేని రూపం కంటే తక్కువ కరుగుతుంది. కాబట్టి మొదటి రోజు కరిగినట్టు కనిపించినంత మాత్రాన రెండో నెలలో కరిగే ఉంటుందని కాదు. ఆ సూదులను కడిగి, ఆరబెట్టి, వేడి చేస్తూ బరువు తూచండి. ఎక్కువ ఆరబెట్టకండి, స్ఫటికం లోపల ఉన్న నీరు కూడా పోతుంది.

తాటితోపు
గురువారం, రాత్రి 9:25

చేశాం. వేడి ఎక్కుతుంటే బరువు తగ్గింది. లెక్క వేస్తే మందు అణువు ఒక్కదానికి నీటి అణువు ఒకటి. ఎక్స్‌రే గీతలు కూడా మేం వేసిన పొడి మందు గీతలతో కలవలేదు. ఇది వేరే స్ఫటికం.

ఇప్పుడు మళ్లీ అణువు బొమ్మ ముందు పెట్టుకుని కూర్చున్నాను. హైడ్రోజన్ బంధం పట్టుకోగల చోట్లు నాలుగున్నాయి, ఇవ్వగల హైడ్రోజన్ ఒక్కటే. నీరు లేని స్ఫటికంలో మూడు చోట్లు ఖాళీగా ఉన్నాయన్నమాట. నీటి అణువుకు రెండు హైడ్రోజన్‌లు, వచ్చి కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఈ బొమ్మ ఏడాదిగా మా గోడ మీద ఉంది. మేం మందు బొమ్మ చూశాం, బేస్‌లో ఉన్న నీటి బొమ్మ చూడలేదు. ఆముదపు చేను గారు చెప్పింది సరిగ్గా ఇదే.

ఎక్స్‌రే గది
గురువారం, రాత్రి 9:50

మంచి పని చేశారు. అయినా నా మాట నేను వదలను. ఖాళీ చోట్లున్న అణువులన్నీ నీటిని పట్టుకోవు. అలాంటివి నా దగ్గరే సీసాల్లో ఉన్నాయి, ఏళ్లుగా పొడిగానే ఉన్నాయి. బొమ్మ మీకు అనుమానం ఇస్తుంది, జవాబు ఇవ్వదు.

తాటితోపు
గురువారం, రాత్రి 10:15

ఆ అనుమానం మాకు మొదటి నెలలోనే రావాల్సిందండీ, నా బాధ అదే. వాదనలో మీతో సగం దూరం వచ్చాను, మిగతా సగం రాలేను. రేపటి నుంచి కొత్త బ్యాచ్. మందు మోతాదు నీటితో కలిసిన రూపం కరిగే హద్దు కంటే కిందికి దించాం, బేస్‌లోని నీటిలో కొంత తీసి ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం చేర్చాం. పూస నెయ్యి మేడం చెప్పిన పాకం గుర్తుపెట్టుకుని, ప్రతి సీసాలో ఆ సూదులు చిటికెడు కావాలనే వేస్తున్నాం. సగం సీసాలు 5 డిగ్రీల దగ్గర, సగం 40 దగ్గర. సూదులు కరిగాయో పెరిగాయో రెండు వారాలకు తీసి చూసి ఇక్కడే రాస్తాను.