మార్టిన్ వైట్ రాసింది కొంచెమే, మరి ప్రభావం ఎక్కడ చూపించాలి?

అలిపిరి విద్యార్థిని:
నమస్కారం. తిరుపతిలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాల్లో ‘ఇంగ్లీష్ స్కూల్’ (రాజ్యాల మధ్య కూడా ఒక సమాజం ఉంటుందనే ఆలోచనాపరుల బృందం) మీద బ్రిటిష్ పండితుడు మార్టిన్ వైట్ ప్రభావం నా ప్రాజెక్టు అంశం. తీసుకున్నాకే తెలిసింది, రోట్లో తల పెట్టానని. ఆయన 1972లోనే పోయారు. ఈ అంశానికి పనికివచ్చేలా బతికుండగా అచ్చువేసినవి 1946 నాటి ఒక చిన్న పుస్తకం, కొన్ని వ్యాసాలు, అంతే. అందరూ ఉదహరించేది హెడ్లీ బుల్ 1977లో రాసిన ‘ది అనార్కికల్ సొసైటీ’. ఎక్కడ చూసినా ‘వైట్ ప్రభావం అపారం’ అనే వాక్యం మాత్రం ఉంది. నేనూ అదే రాశాను. మా మేడం దాని పక్కన ఎర్ర సిరాతో ‘ఎక్కడ?’ అని ఒక్క మాట రాసి తిప్పి ఇచ్చారు. ఏం చేయాలి?

చిత్తూరు పాత పంతులు:
అమ్మా, మీ మేడంకు నా నమస్కారం చెప్పండి. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. మొదటి పదేళ్లు నేనూ ‘అపారం’ అనే చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, మార్కులు వేశాను. ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు.

వైట్‌ను తరగతి గదిలో వెతకాలి. 1949 నుంచి 1961 వరకు ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు చెప్పారు. 1950ల చివర్లో, అక్కడే కొత్తగా ఉద్యోగంలో చేరిన బుల్ అనే ఆస్ట్రేలియా కుర్రవాడు ఆ ఉపన్యాసాలకు వెళ్లి కూర్చున్నాడు. అవి పుస్తకంగా వచ్చింది 1991లో. అప్పటికి వైట్ లేరు, 1985లో బుల్ కూడా పోయారు. అంటే బుల్‌కు మొదట అందింది చెవిన పడిందే. మన సంగీతం, వేదం నేర్చుకున్న పద్ధతి కదా, మనకు ఇందులో వింత ఏముంది?

ఆ ఉపన్యాసాల్లో వైట్ ఆలోచనాపరులను మూడు సంప్రదాయాలుగా పేర్చారు. మాకియవెల్లి, హాబ్స్ దారి వాస్తవికవాదం, అంటే రాజ్యాల మధ్య నడిచేది బలమేననడం. డచ్ న్యాయవేత్త గ్రోషియస్ దారి హేతువాదం. కాంట్ దారి విప్లవవాదం, అంటే రాజ్యాలను దాటి మానవాళి అంతా ఒకటేననడం. ఇక్కడ హేతువాదమంటే మన దగ్గర దేవుడు లేడని సభలు పెట్టేవాళ్లది కాదు. పైగా వైట్ గట్టి క్రైస్తవుడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించిన మనిషి. రాజ్యాల మీద పెద్ద రాజు లేకపోయినా వాటి మధ్య ఒక సమాజం, కొంత మర్యాద, కొంత చట్టం ఉంటాయనేదే ఆ నడిమి దారి.

ఇప్పుడు వైట్ దగ్గర బుల్ చేసిన అప్పు ఎక్కడుందో చూడండి. 1966లో వైట్, చరిత్రకారుడు బటర్‌ఫీల్డ్ కలిసి సంపాదకత్వం వహించిన ‘డిప్లమాటిక్ ఇన్వెస్టిగేషన్స్’లో గ్రోషియస్ మీద బుల్ వ్యాసం ఉంది. వైట్ ఒకే గదిలో కూర్చోబెట్టిన గ్రోషియస్ సంప్రదాయానికి బుల్ అందులో అడ్డుగోడ కట్టాడు. చట్టాన్ని అమలు చేయడానికి రాజ్యాలు ఏకం కాగలవనే సంఘీభావ పక్షం ఒకవైపు. రాజ్యాలు ఒప్పుకునేది కనీస విషయాల మీదేననే బహుళత్వ పక్షం మరోవైపు. తర్వాతి కాలంలో మానవతా కారణాలతో పరాయి దేశంలో జోక్యం చేసుకోవచ్చా అని ఈ స్కూల్‌లో జరిగిన వాదనంతా ఈ గోడకు అటూ ఇటూ నిలబడి జరిగిందే. గది వైట్‌ది, గోడ బుల్‌ది. మీ అధ్యాయం అక్కడ మొదలుపెట్టండి.

ఇంకో చిన్న విషయం. బుల్ పుస్తకం పేరును ‘అరాచక సమాజం’ అని అనువదించవద్దు. వాడుకలో అరాచకమంటే దౌర్జన్యమని స్థిరపడిపోయింది. ‘అరాజకం’ అనండి, అంటే రాజు లేకపోవడం. రాజు లేనంత మాత్రాన రచ్చ కాదనేదే బుల్ వాదన. ఇంగ్లీషువాళ్లు ఒక అధ్యాయం ఖర్చుపెట్టి చెప్పే తేడాను మనం ఒక్క అక్షరంతో చెప్పవచ్చు.

కోనేటి కట్ట:
మాస్టారి మాటలు బాగున్నాయి కానీ కథ మరీ గురుశిష్యుల కథగా మారుతోంది. ఈ బృందానికి ఇల్లు కట్టింది వైట్ ఒక్కరే కాదు. అంతర్జాతీయ రాజకీయాల సిద్ధాంతం కోసం 1959లో మొదలైన బ్రిటిష్ కమిటీకి తొలి అధ్యక్షుడు హెర్బర్ట్ బటర్‌ఫీల్డ్, డబ్బు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌ది. లండన్‌లో ‘అంతర్జాతీయ సమాజం’ అనే మాటను పట్టుకుని చెబుతూ వచ్చింది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన చార్లెస్ మానింగ్. ‘ఇంగ్లీష్ స్కూల్’ అనే పేరు 1981లో రాయ్ జోన్స్ పెట్టినది, అదీ ఈ దుకాణం మూసేయాలని వాదిస్తూ. తిట్టు కాస్తా ఇంటిపేరైంది. ఇక 1976లో వైట్ స్మారకోపన్యాసంలో బుల్ ఏమన్నాడో చదవండి. ఇంతమందిని మూడు పెట్టెల్లో సర్దడం అత్యాశే అన్నాడు.

చిత్తూరు పాత పంతులు:
మానింగ్ విషయం ఒప్పుకున్నాను, నేను చెప్పి ఉండాల్సింది. కానీ ఆ ఉపన్యాసం సగమే చదివారు. తాను వైట్ నీడలోనే ఉండిపోయానని, ఆయన దగ్గర అప్పు తెచ్చుకుంటూనే ఉన్నానని, దాటాలని చూసినా తప్పించుకోలేకపోయానని బుల్ చెప్పుకున్నదీ అందులోనే. తప్పు పట్టిన నోటితోనే అప్పు ఒప్పుకున్నాడు. అమ్మాయీ, నీకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టు.

చంద్రగిరి కోట దారి:
నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను, సిద్ధాంతాలు దూరం. కానీ వైట్ వ్యాసాల సంపుటి ‘సిస్టమ్స్ ఆఫ్ స్టేట్స్’ చదివినప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయాను. సమాన రాజ్యాల వ్యవస్థ ఒకటి, అందరూ ఒకరిని పైవాడిగా ఒప్పుకునే వ్యవస్థ మరొకటి అంటాడు. రెండోదానికి చైనాను, మన సంస్థానాలపై బ్రిటిష్ పాలనను చూపిస్తాడు. నాకైతే మా కోట కళ్లముందు మెదిలింది. 1614లో విజయనగర రాజు వెంకటపతిరాయలు పోయాక వారసత్వ యుద్ధం వచ్చింది. తంజావూరు నాయకుడు ఒకవైపు, మధుర, జింజి నాయకులు మరోవైపు తోపూరు దగ్గర తలపడ్డారు. అందరూ దాదాపు స్వతంత్రులే. అయినా పోట్లాట సింహాసనంపై ఎవరు కూర్చోవాలని, ఆ సింహాసనమే వద్దని కాదు. ప్రాజెక్టుకు పనికివస్తుందో లేదో మీ మేడంను అడగండి.

అలిపిరి విద్యార్థిని:
అందరికీ ధన్యవాదాలు. ‘అపారం’ కొట్టేశాను. గ్రోషియస్ గది, గోడ మూడు పేజీలయ్యాయి, బుల్ ఉపన్యాసం ఒక పేజీ. తోపూరు యుద్ధం సంగతి చెబితే మేడం నవ్వి, అది అనుబంధంలో పెట్టమన్నారు. మాస్టారూ, ‘సంఘీభావ పక్షం’ అనే మాట మీదేనా? మీదైతే మీ పేరు చెప్పాలి కదా.

చిత్తూరు పాత పంతులు:
నాది కాదమ్మా, మా గురువుగారు తరగతిలో అన్న మాట. ఆయన ఎక్కడా రాయలేదు.